ముగ్గురు దేవదాసుల చిక్కు విప్పాను

తెలుగు వికీపీడియాలో సావిత్రి పేజీ చదువుతూ ‘దేవదాసు’ మీద నొక్కితే 2006లో వై.వి.ఎస్. చౌదరి తీసిన సినిమా తెరుచుకుంది. సావిత్రి పార్వతిగా నటించింది 1953 నాటి వేదాంతం రాఘవయ్య చిత్రంలో. మధ్యలో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ నటించిన 1974 దేవదాసు ఇంకొకటి. శరత్‌చంద్ర నవల సరేసరి.

విశాఖ పౌర గ్రంథాలయంలో ల్యాప్‌టాప్ తెరిచి పని మొదలుపెట్టాను. ముందు చర్చాపేజీలో విషయం రాశాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ‘దేవదాసు (1953 సినిమా)’ తరహాలో పేజీలను తరలించి, ఉత్త పేరుతో అయోమయ నివృత్తి పేజీ (ఒకే పేరున్నవాటన్నిటికీ దారి చూపే జాబితా) పెట్టాను. ఇదంతా చిటికెలో పని.

అసలు శ్రమ లింకులదే. ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అనే జాబితా తెరిచి, ఒక్కొక్క లింకూ ఏ దేవదాసుకు చెందిందో చూసి మార్చాలి. ఘంటసాల ‘జగమే మాయ’ దగ్గర సందేహం రాదు. సంవత్సరం లేకుండా వట్టి సినిమా పేర్లు రాసిన నటుల పేజీలే టెన్షన్ పెట్టాయి. వాటికోసం సినిమా టైటిల్స్ ఆపి ఆపి పేర్లు చదివాను. తేలనివాటిని ఊహించి మార్చకుండా చర్చాపేజీలో అడిగాను. మన నటీనటుల కష్టం వేరొకరి ఖాతాలో పడకూడదు కదా!

మీరూ ఇలాంటివి సరిచేస్తుంటే, లింకులు పూర్తయ్యాక పాత దారిమార్పులు (ఒక పేరు నొక్కితే వేరే పేజీకి పంపేవి) కూడా ఓసారి నొక్కి చూడండి.