ఇంట్లో పెద్దలను చూసుకునే మనిషికి నెలనెలా డబ్బు: ఎలా మాట్లాడుకోవాలి, ఎలా రాసుకోవాలి

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము బిగుసుకుపోయిన పెద్దలు మంచం పడితే, కొడుకులు హైదరాబాదుకో ముంబైకో బతుకుదెరువు కోసం వెళ్లిపోయి ఉంటారు కనుక, చాకిరీ అంతా ఇంటి దగ్గరున్న చిన్నకోడలి మీదనో, ఊళ్లోనే ఉన్న బిడ్డ మీదనో పడుతుంది. ఆమె మానుకున్న కూలి ఎవరి లెక్కలోకీ రాదు. ఆ లెక్క వేయడంతోనే పని మొదలుపెట్టాలి.

ముందుగా పెద్దమనిషినే అడగాలి: స్నానం ఎవరు చేయిస్తే ఇబ్బంది అనిపించదు? ఆ తర్వాత ఒక వారం పాటు పనులన్నీ కాగితం మీద రాయాలి. పుండ్లు పడకుండా రాత్రి కూడా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, బట్టలు మార్చడం, మందులు వేయడం, నల్లగొండ ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఇవన్నీ అందులో ఉండాలి. పత్తి ఏరే కాలంలో కూలి వేరు, నాట్ల కాలంలో వేరు కాబట్టి ఏడాది మొత్తానికి ఆమె పోగొట్టుకున్న కూలిని కలిపి పన్నెండుతో భాగించాలి. నా దృష్టిలో అంతకు తక్కువ ఇవ్వడం అన్యాయం.

మందులు, డైపర్ల ఖర్చు దీనికి వేరుగా ఉండాలి. 2,016 రూపాయల ఆసరా పింఛను పెద్దమనిషిది. దానిని ఆమె జీతంగా చూపకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తమ సంపాదనను బట్టి వాటాలు వేసుకొని, ఒకే తేదీన, భర్త ఖాతాకు కాకుండా ఆమె సొంత ఖాతాకు పంపాలి. నెలకు కనీసం రెండు రోజులు, బతుకమ్మకు పుట్టింటికి వెళ్లే రోజులు ఆమెకు సెలవుగా ఉండాలి, ఆ రోజుల్లో ఎవరు వచ్చి చూస్తారో పేరుతో సహా రాయాలి.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించగలదు గానీ, అది పెద్దలకు దక్కే హక్కు. చూసుకున్న మనిషికి ఆ చట్టం జీతం ఇప్పించదు. అందుకే అందరూ సంతకాలు చేసిన కాగితం ప్రతి ఒకటి ఆమె దగ్గర ఉండాలి, ఆరు నెలలకోసారి మొత్తాన్ని మళ్లీ చూసుకోవాలి.

డబ్బుకు బదులు భూమి ఇస్తామని నోటిమాట ఇవ్వకండి. గిఫ్ట్ డీడ్ రాస్తే, కడదాకా చూసుకోవాలన్న షరతు పత్రంలోనే స్పష్టంగా ఉండాలి. ఆ షరతు తప్పితే పెద్దమనిషి అదే 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు.

పెద్దమనిషి కాలం చేసిన మరునాడే ఆమెకు పాత కూలి పని దొరకదు. దశదినకర్మ నాడు ఈ మాట ఎత్తడం ఎవరికీ సాధ్యం కాదు కనుక, ఆ తర్వాత మరో మూడు నెలలు డబ్బు వస్తుందని మొదటి కాగితంలోనే రాయించండి.