సినిమా సెట్‌లో జూనియర్ ఆర్టిస్ట్‌గా మొదటి రోజు వెళ్తున్నారా?

పిలిచిన టైమ్ కంటే కాస్త ముందే వెళ్లండి. రోజులో ఎక్కువ భాగం కూర్చుని ఎదురుచూడటమే కాబట్టి నీళ్లు, ఛార్జర్, ఒక పుస్తకం దగ్గర పెట్టుకోండి. సొంత బట్టలు తెమ్మంటే రెండు మూడు జతలు తీసుకెళ్లండి. తెల్లవి లైట్లకి మరీ మెరుస్తాయి, సన్న గీతలవి కెమెరాలో అలలు కదిలినట్టు కనిపిస్తాయి, పెద్ద లోగోలున్నవైతే అసలే వద్దు.

అసలు పని కంటిన్యుటీ, అంటే ప్రతి షాట్‌లో అన్నీ ఒకేలా ఉండేలా చూసుకోవడం. ఏ డైలాగ్ దగ్గర నడక మొదలుపెట్టారు, బ్యాగ్ ఏ చేతిలో ఉంది, గ్లాసులో నీళ్లు ఎంతున్నాయి, అన్నీ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అదే సీన్‌ని వేరే వేరే యాంగిల్స్‌లో మళ్లీ మళ్లీ తీస్తారు, మీరు ప్రతిసారీ ఒకేలా చేయకపోతే ఎడిటింగ్‌లో ఆ షాట్లు అతకవు. కట్ అన్నాక మళ్లీ మొదటి చోటికే వచ్చి నిలబడండి. వెనకాల మాట్లాడుకునే సీన్ అయితే పెదాలు మాత్రమే కదపాలి, నటుల మాటలు అక్కడే రికార్డ్ చేస్తుంటే మీ గుసగుస కూడా మైక్‌లో పడిపోతుంది. ఇది కూడా నటనే, తేలిగ్గా తీసుకోవద్దు.

కెమెరా వైపు చూడొద్దు, ఫొటోలు తీయొద్దు. డౌట్ వస్తే అసిస్టెంట్ డైరెక్టర్‌ని అడగండి. వెళ్లేముందు వాళ్లిచ్చిన బట్టలు, వస్తువులు అప్పగించి, పని గంటలు సరిగ్గా రాశారో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.