పిల్లల పియానో సాధనకు ఇంట్లో తోడుండటం ఎలా?

వారానికి ఒకసారి తరగతికి పంపి, మిగతా ఆరు రోజులు "వెళ్లి వాయించుకో" అని గదిలోకి తోలితే పిల్లలకు పియానో రాదు. మా పిల్లలిద్దరి పక్కనా ఏళ్ల తరబడి కూర్చుని సాధన చేయించిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఈ పద్ధతి సరిపోతుంది. తల్లిదండ్రులకు సంగీతం తెలిసి ఉండవలసిన అవసరం లేదు.

కొనవలసింది 88 మెట్లు (వేళ్లతో నొక్కే మీటలు), అవి కూడా అసలు పియానోలో మాదిరిగా బరువుగా ఉండే డిజిటల్ పియానో. 61 మెట్ల చిన్న కీబోర్డు వద్దు. తేలిక మెట్లకు అలవాటైన వేళ్లు అసలు పియానో మీద తేలిపోతాయి. తీగల పియానోకు విశాఖ సముద్రపు గాలి పడదు. పెదవాల్తేరులో ఉండగా పాత పియానో ఒకటి కొని కిటికీ పక్కన పెట్టాము. రెండు వానాకాలాలు గడిచేసరికి తీగలు తుప్పుపట్టాయి, చెక్క ఉబ్బి కొన్ని మెట్లు నొక్కితే తిరిగి పైకి లేవలేదు. డిజిటల్ పియానోనైనా కిటికీకి దూరంగా, గుడ్డ కప్పి ఉంచాలి.

మోచేతులు మెట్ల ఎత్తుకు వచ్చేలా కూర్చోబెట్టి, పాదాలు గాలిలో వేలాడకుండా కింద పీట వేయండి. సాధన పొద్దున స్కూలు బస్సు రాకముందే జరగాలి, పావుగంట చాలు. ట్యూషన్ నుంచి అలసి వచ్చిన బిడ్డను మళ్లీ పియానో ముందు కూర్చోబెట్టకూడదు. మెట్ల మీద అక్షరాల స్టిక్కర్లు అంటించవద్దు. జంటగా ఉన్న రెండు నల్ల మెట్లకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్ల మెట్టు సి అనే స్వరం అని చూపిస్తే, దాని కుడివైపు డి, ఇ, ఎఫ్ అంటూ మిగతావి వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

అసలు చిక్కంతా బిడ్డ తప్పు వాయించిన క్షణంలో ఉంది. దాదాపు అన్ని ఇళ్లలోనూ ఆ క్షణంలో వినిపించే మాట "మళ్లీ మొదటి నుంచి" అన్నదే. అలా చేస్తే బాగా వచ్చిన మొదటి వరుస ఇరవై సార్లు ఒప్పుగానూ, రాని చోటు ఇరవై సార్లు తప్పుగానూ సాధన అవుతాయి. వేళ్లు ఒప్పును నేర్చుకున్నట్టే తప్పునూ నేర్చుకుంటాయి.

కాబట్టి వరుస పూర్తయ్యేవరకు నోరు మెదపకండి. తరువాత "ఎక్కడ తడబడ్డావు?" అని అడిగి, ఆ చోటును బిడ్డ చేతనే పెన్సిలుతో చుట్టించండి. ఆ ఒక్క బారునూ (పుస్తకంలో రెండు నిలువు గీతల మధ్య ఉండే ముక్క), దాని తరువాతి బారులోని మొదటి స్వరాన్నీ మాత్రమే, ముందు ఒక చేత్తో, తప్పు రావడానికి వీలులేనంత నెమ్మదిగా వాయించనివ్వండి. వరుసగా మూడుసార్లు సరిగా వచ్చాక రెండో చేయి, ఆపైన రెండు చేతులూ కలపాలి. మళ్లీ తప్పితే గొంతు పెంచకుండా వేగాన్ని ఇంకా తగ్గించండి. చివరిగా ఒక బారు వెనుక నుంచి మొదలుపెట్టి అతుకు కుదిరిందో లేదో చూడండి; దీన్ని చాలామంది వదిలేస్తారు, అందుకే ముక్క విడిగా వచ్చినా పాటలో రాదు.

తప్పు చాలాసార్లు స్వరంలో కాక వేలిలో ఉంటుంది. బొటనవేలు 1, చిటికెనవేలు 5 అనే లెక్కను పుస్తకంలోని అంకెలతో సరిచూడండి. సి స్కేలులో, అంటే సి నుంచి పై సి వరకు తెల్ల మెట్లను వరుసగా వాయించేటప్పుడు, కుడిచేతి మూడో వేలు ఇ మీద ఉండగా బొటనవేలు దాని కింద నుంచి ఎఫ్‌ను అందుకోవాలి. మా చిన్నమ్మాయి అక్కడికి రాగానే మోచేయి రెక్కలా పైకి లేచేది. నాలుగు రోజులు ఆ రెండు స్వరాలే వాయించింది. ఐదో రోజు మోచేయి కదలకుండా బొటనవేలు దానంతట అదే జారి వెళ్లింది.

మన సంగీతంలోనూ సరళీ వరుసలు నెమ్మదైన మొదటి కాలంలో కుదరనిదే, దానికి రెట్టింపు వేగమైన రెండో కాలానికి పోనివ్వరు. రంగుల వెలుగులు పైనుంచి జారిపడే ఫోన్ యాప్‌లలో ఈ ఓపిక ఉండదు. బిడ్డ కళ్లు వెలుగును వెంటాడుతాయి తప్ప కాగితం మీది స్వరాన్ని చదవవు.

చివరి రెండు నిమిషాలు బిడ్డకు ఇష్టమైన, బాగా వచ్చిన పాటను వాయించనిచ్చి, మీరు మధ్యలో మాట్లాడకుండా వినండి. తరగతి రోజున పెన్సిలు చుట్టలు ఇంకా మిగిలి ఉంటే చెరిపేయకుండా, పుస్తకాన్ని అలాగే టీచరుకు చూపించండి.