కాగడాల ఆటలో ఫైర్ సిలిండర్ మోసం చేస్తే: సమస్య - పరిష్కారం

జాతరలో, బరాత్‌లో, కాలేజీ ఫెస్ట్‌లో కాగడాలు తిప్పేవాళ్లకు పిన్ను గుంజి మంట మొదట్లోకి కొట్టాలని తెలిసే ఉంటుంది. ఆటకు ముందు మంటలార్పే సిలిండర్ గేజ్ (లోపలి ఒత్తిడి చూపే మీటర్) ముల్లు పచ్చలో ఉందా అని చూడటం మాత్రం సగం మంది మరిచిపోతారు. దయచేసి ముందు అది చూడండి.

సమస్య: పోయిన వారం పచ్చలో ఉన్న పౌడర్ సిలిండర్, ఇప్పుడు నొక్కితే తుస్సుమంది.

కారణం: మధ్యలో ఎవరో "పనిచేస్తదా" అని ఒక్కసారి నొక్కి చూశారు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లివర్ వదలగానే వాల్వ్ మూసుకుంటుంది కానీ, రబ్బరు సీలుకు, అది ఆనుకునే సీటుకు నడుమ పౌడర్ రేణువులు ఇరుక్కుంటాయి. ఆ సందులోంచి లోపలి నైట్రోజన్ మెల్లగా కారిపోతుంది. ఆ పూట ముల్లు పచ్చలోనే ఉంటుంది, రెండు మూడు రోజులకు ఎర్రలోకి జారుతుంది. పౌడర్ లోపలే ఉంటుంది, గ్యాస్ బరువు తక్కువ. అందుకే ఎత్తి చూస్తే నిండుగానే అనిపిస్తుంది.

పరిష్కారం: పిన్నుకున్న ప్లాస్టిక్ సీలు తెగి ఉంటే, అర సెకను నొక్కినా సరే, రీఫిల్‌కు పంపండి. గ్యాస్ మాత్రం ఎక్కించి ఇస్తే ఒప్పుకోకండి. వాల్వ్ విప్పి, సీటు తుడిచి, ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) మార్చమనండి. ఇంటికి తెచ్చాక ముల్లు ఉన్నచోట గేజ్ అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టి, వాల్వ్ చుట్టూ సబ్బు నురగ పూయండి. బుడగ లేచినా, రెండు రోజుల్లో ముల్లు గీత దిగినా వాపసు ఇవ్వండి.

సమస్య: ముల్లు పచ్చలోనే ఉంది, పౌడర్ రాదు.

ట్రాలీ ఆటోలో ఊగి ఊగి పౌడర్ అడుగున గట్టిపడుతుంది. నెలకోసారి తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకోండి, జారే చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే రీఫిల్. హోస్‌లో పురుగు గూడు, పిన్నుకు తుప్పు అరుదు, చూస్తేనే తెలుస్తాయి.

సమస్య: ఆరిన మంట మళ్లీ లేచింది.

పౌడర్ చల్లబరచదు. వేడిగా ఉన్న వత్తిలోంచి కిరోసిన్ ఆవిరి వస్తూనే ఉంటుంది. వత్తిని తడి నూలు తువ్వాలలో చుట్టి బిగించండి. ఒలికిన కిరోసిన్‌కు 6 కిలోల ఏబీసీ పౌడర్ (కట్టె, నూనె, గ్యాస్ మంటలకు పనికొచ్చేది) గానీ 9 లీటర్ల ఫోమ్ గానీ పెట్టుకోండి. నీళ్లు పోస్తే కిరోసిన్ పైకి తేలి మంట పాకుతుంది. కారులో పెట్టుకునే ఒక కిలో డబ్బా పది సెకన్లలోపే అయిపోతుంది. సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్) బయట గాలికి ఎగిరిపోతుంది, దాన్ని స్టేజీ కరెంటు వైర్లకు ఉంచండి. దానికి గేజ్ ఉండదు, కాంటా వేయాలి: 4.5 కిలోల దాంట్లో 450 గ్రాములు తగ్గితే రీఫిల్. చెరువుగట్టు జాతరలోలాంటి అగ్నిగుండానికైతే నీళ్లు, ఇసుకే. పౌడర్ పైన పొరలా కూర్చుంటుంది, లోపల కణకణ అట్లే ఉంటుంది.

సమస్య: ఆటగాడి బట్టలంటుకున్నాయి, సిలిండర్ దూరంగా ఉంది.

ఇక్కడ ముందు చేతికి రావాల్సింది గొంగడి. సీఓ2 చర్మాన్ని గడ్డకట్టిస్తుంది, పౌడర్ కళ్లలో, ఊపిరిలో పడుతుంది. మనిషిని పడుకోబెట్టి, గొంగడి మెడ దగ్గర మొదలుపెట్టి కాళ్లవైపు కప్పి అదమండి. ఆరాక గొంగడి తీసి, కాలినచోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పారించండి, 108కి ఫోన్ చేయండి. గొంగడి కొనేటప్పుడు ఒక పోగు లాగి అంటించండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి ఆరిపోతే ఉన్ని. కరిగి నల్ల పూసలా ముడుచుకుంటే అది సింథటిక్, ఆట దగ్గరికి తేవద్దు.