పొదుగువాపు చేతుల ద్వారా పాకకుండా పాలు పితికే పద్ధతి

పొదుగువాపు కలిగించే సూక్ష్మజీవుల్లో స్టెఫైలోకాకస్ ఆరియస్ మొండిది. మనుషులకు సెగగడ్డలు, చీము పుండ్లు తెచ్చేది కూడా ఇదే. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ సుమారు 30 శాతం మంది ముక్కుల్లో ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. ఒక గేదె పొదుగు నుంచి మరో గేదె పొదుగుకు ఇది చేరేది ఎక్కువగా పాలు పితికే వేళలోనే కాబట్టి, జాగ్రత్త మన చేతుల దగ్గరే మొదలుపెట్టాలి.

గోళ్ళు కత్తిరించుకుని, ప్రతి పశువుకూ ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చేతి మీద పుండు ఉన్నవారు మానేంత వరకు ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించడం మంచిది. ఒకే గుడ్డతో అన్ని పొదుగులూ తుడవడం చాలా పాకల్లో కనిపించే అలవాటు; దానిని తప్పనిసరిగా మాని, పశువుకొక శుభ్రమైన గుడ్డ వాడాలి. తొలి రెండు మూడు ధారలను నేల మీద వదలక, నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకి పిండితే విరుగు తునకలు తేలిగ్గా కనిపిస్తాయి. పైకి ఏ లక్షణమూ లేని వ్యాధిని పట్టుకోవడానికి, 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, ఒక్కొక్క చన్ను పాలను విడిగా తీసుకుని, ఆ ద్రావణాన్ని పాలతో సమానంగా కలిపి తిప్పాలి. జిగురుగా చిక్కబడితే ఆ చన్నును అనుమానించాలి. ఆరోగ్యమైన పశువులను ముందు, జబ్బు ఉన్నదాన్ని చివర పితకాలి.

పితికిన వెంటనే చన్నులను 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచాలి. చన్నుల రంధ్రం మూసుకోవడానికి అరగంటకు పైగా పట్టవచ్చు కనుక, ఆ సమయంలో గేదె పడుకోకుండా మేత వేయడం ఎంతో మేలు చేసే చిన్న ఉపాయం.

ఈ బ్యాక్టీరియా పొదుగు కణజాలం లోపల దాక్కుంటుంది. వాపు తగ్గిందని మందు మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెడుతుంది, మందుకు లొంగని రకాలు బలపడతాయి. పశువైద్యుడు చెప్పినన్ని రోజులూ మందు వాడి, ఆయన చెప్పిన గడువు ముగిసేదాకా ఆ పాలను పారబోయాలి. వట్టిపోయే సమయంలో పొదుగులోకి ఎక్కించే మందు గురించి కూడా అడగాలి.

మరిగిస్తే సరిపోతుందన్న నమ్మకం ఇక్కడ ప్రమాదకరం. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గాని, అప్పటికే అది పాలలో వదిలిన విషపదార్థం చెడిపోదు. 2000లో జపాన్‌లో ఇటువంటి విషం చేరిన పాల వల్ల 13 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. పితికిన పాలను ఎండలో ఉంచకుండా, వీలైనంత త్వరగా చల్లబరచాలి.