యుద్ధం, ఎన్నికలు ఒకేసారి వస్తే: ఇంటి డబ్బుకు జాగ్రత్తలు

ఎక్కడో యుద్ధం నడుస్తుండగా మన దగ్గర ఎన్నికల షెడ్యూల్ వస్తే, నేను ముందుగా చూసేది పెట్రోలు బంకులో ధర. అది కదలకపోతే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. నాకు అప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

2022 గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. మార్చి 7న ప్రపంచ ధరకు కొలమానమైన బ్రెంట్ ముడి చమురు పీపా 139 డాలర్ల దాకా ఎగబాకింది. మన బంకుల్లో మాత్రం అంతకుముందు నవంబరు నుంచీ దాదాపు అదే ధర. ఉత్తరప్రదేశ్, పంజాబ్ సహా ఐదు రాష్ట్రాల్లో ఎన్నికలు జరుగుతున్నాయి మరి. మార్చి 10న ఫలితాలు వచ్చాయి. 22 నుంచి మొదలుపెట్టి 16 రోజుల్లో 14 సార్లు పెంచారు, లీటరుకు సుమారు 10 రూపాయలు. ధరలు నిర్ణయించేది కంపెనీలేనని ప్రభుత్వం అంది. ఎవరు నిర్ణయించినా చెల్లించింది మనమే.

అందుకే పోలింగ్ ముందు ధర నిలకడగా ఉంటే గండం తప్పిందనుకోవద్దు, ఆగిందనుకోండి. ఆటో, ట్రాక్టరు, స్కూలు వ్యాను నడిపేవాళ్లు ఫలితాల తర్వాతి నెలలకు కిరాయి ఒప్పుకునేటప్పుడు, డీజిల్ పెరిగితే ఎంత పెంచుతారో ముందే నోటితో అనేయండి. తర్వాత అడిగితే గొడవే.

వంటింటికి వస్తే, కంగారుపడి నిల్వలు పెట్టకండి. మనం కొనుక్కునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. ఆ మార్చిలో మా వీధి కిరాణా కొట్టులో ఇంటికి రెండు ప్యాకెట్లే అన్నారు. ఆ మాట వినగానే నేను వేరే కొట్టుకు పరిగెత్తి, అడిగినంత ఇచ్చి 15 కిలోల డబ్బాలు రెండు తెచ్చాను. రెండో డబ్బా మూత తీసేసరికి వానలు వచ్చేశాయి, నూనె వాసన మారిపోయింది. ఇంట్లో ఎవరూ ఆ నూనెతో పోపు పెట్టనివ్వలేదు. ఇప్పుడు నెల సరుకుకు మించి కొనను. పల్లీ నూనె, తవుడు నూనె, ఏది చవకైతే అది మార్చి మార్చి వాడుతున్నాం.

షేర్లలో డబ్బు పెట్టినవాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎగ్జిట్ పోల్స్ చూసి అప్పు తెచ్చి కొనకండి. 2024 జూన్ 3న షేర్ల సూచీ సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా పెరిగింది. మర్నాడు ఓట్ల లెక్కింపు రోజున దాదాపు 4,390 పాయింట్లు పడింది. 7వ తేదీకల్లా మళ్లీ పాత ఎత్తు దాటేసింది. కదలకుండా కూర్చున్నవాళ్లకు ఏమీ కాలేదు. ఆప్షన్స్‌లో (ధర పెరుగుతుందో తగ్గుతుందో గడువు పెట్టి పందెంలా కొనే ఒప్పందాల్లో) దిగినవాళ్లూ, భయంతో 4న అమ్మేసినవాళ్లూ దెబ్బతిన్నారు. పిల్ల పెళ్లికి, కాలేజీ ఫీజుకు ఏడాదిలోపు కావాల్సిన డబ్బును ఫలితాలకు ముందే బ్యాంకు డిపాజిట్‌లోకి మార్చుకోండి.

మన ఎన్నికలొక్కటే కాదు, అమెరికా ఎన్నికలూ మన గడప తొక్కుతాయి. 2024 నవంబరులో ట్రంప్ గెలిచారు. 2025 ఆగస్టు 27న అమెరికాకు వెళ్లే మన సరుకులో చాలావాటి మీద సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు వేసిందే. ఎక్కడి ఉక్రెయిన్, ఎక్కడి అమెరికా ఓటు! రెండూ కలిసి భీమవరం రొయ్యల చెరువు గట్టు మీదికొచ్చాయి. పెద్ద సైజు రొయ్యలను ఎక్కువగా కొనేది అమెరికానే. కాబట్టి అలాంటి ఏడాదిలో చెరువులన్నిటిలో ఒకేసారి సీడ్ (రొయ్య పిల్లలు) వేయకండి. పట్టుబడులు వేర్వేరు నెలల్లో పడేలా చూసుకోండి. పంట మొత్తానికీ మేత అరువు తెచ్చుకుంటే, అరువిచ్చినవాళ్లు చెప్పిన రేటుకే రొయ్య ఇచ్చేయాల్సి వస్తుంది. కొంతైనా చేతి డబ్బుతో కొనండి.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు చివరగా ఒకటి. 2025 జూన్ 23న ఇరాన్ దాడి ముప్పుతో ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేశారు. విమానాలు ఆగాయి, ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇంట్లో ఒక సెట్టు ఉంచండి. అక్కడున్నవారి కంపెనీ పేరు, క్యాంపు అడ్రసు, పక్క గదిలోవాళ్ల నంబరు కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. జీతం రెండు నెలలు రాకపోయినా ఇల్లు నడిచేంత డబ్బు ఊళ్లో ఖాతాలో ఉండాలి. అది కుదిరేదాకా కొత్త చిట్టీలో చేరకండి.