ఆర్థికవేత్త సొంత అభిప్రాయాన్ని చదవడం ఎలా: పెన్సిలుతో ఒక పద్ధతి

ఒకే ఆర్థికవేత్త ఒక వారం పన్నుల గురించి, మరొక వారం అప్పుడే వెలువడిన నిరుద్యోగపు లెక్కల గురించి, ఇంకొక వారం సెలవు రోజును ఎలా గడపాలన్న విషయం గురించి సొంత అభిప్రాయాలు రాస్తూ ఉంటారు. రాసే చేయి ఒకటే అయినా ఆ మూడు రచనలకూ ఉన్న ఆధారం ఒకటి కాదు. మొదటిదాని వెనుక దశాబ్దాల పరిశోధన ఉండవచ్చు, రెండోదాని వెనుక అనుభవంతో కూడిన ఊహ ఉండవచ్చు, మూడోదాని వెనుక ఆ మనిషి అభిరుచి తప్ప మరేమీ లేకపోవచ్చు. అన్నింటినీ ఒకే తూకంతో నమ్మేవారూ, ఒకచోట పొరపాటు దొరకగానే అన్నింటినీ తోసిపుచ్చేవారూ ఒకే విధంగా నష్టపోతారు. ఇటువంటి రచనలను ఏళ్ల తరబడి చదువుతూ నేను అలవాటు చేసుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి ఒక పెన్సిలు, వ్యాసం అచ్చు ప్రతి, అరగంట సమయం ఉంటే చాలు.

మొదట వ్యాసాన్ని ఆగకుండా ఒకసారి చదవండి. రెండోసారి చదివేటప్పుడు, లోకం ఎలా ఉందో చెప్పే మాటల కింద తిన్నని గీత, ఎలా ఉండాలో చెప్పే మాటల కింద వంకర గీత గీయండి. ఇది అనుకున్నంత సులువు కాదు, ఎందుకంటే చేయి తిరిగిన రచయిత దగ్గర ఈ రెండూ ఒకే వాక్యంలో అతుకు కనబడకుండా కలిసిపోతాయి. ఉదాహరణకు "కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయి కనుక పెంచకూడదు" అన్న వాక్యాన్ని తీసుకోండి. "ఉద్యోగాలు తగ్గుతాయి" అన్నది పరీక్షించి చూడదగిన మాట కాబట్టి దానికి తిన్నని గీత. "పెంచకూడదు" అన్నది తీర్పు కాబట్టి దానికి వంకర గీత. ఈ రెండింటి మధ్య ఉన్న "కనుక" చుట్టూ ఒక సున్న చుట్టండి, అసలు వాదమంతా అక్కడే దాగి ఉంది. వేతనం పెరిగి బాగుపడేవారు వందమంది, పని పోగొట్టుకునేవారు ఇద్దరు అనుకుంటే, ఆ పెంపు మంచిదా కాదా అన్నది ఏ సమీకరణమూ తేల్చదు. ఆ ఇద్దరి కష్టానికి ఎంత బరువు ఇవ్వాలన్న ప్రశ్నకు రచయిత మనసులో ఒక జవాబు ఉంది, దాన్ని ఆయన పైకి చెప్పలేదు. అంతమాత్రాన మోసం చేస్తున్నారని అనుకోనక్కరలేదు; ఆ జవాబు ఆయనకు ఎంతగా అలవాటైపోయిందంటే, దానిని పైకి చెప్పవలసిన అవసరం ఉందనే తోచి ఉండదు.

ఇక తిన్నని గీతల దగ్గరికి తిరిగి వచ్చి, ప్రతిదాని పక్కన "ఎక్కడ, ఎప్పుడు, ఎంత" అని రాసుకోండి. కనీస వేతనం విషయంలోనే దీని విలువ బాగా తెలుస్తుంది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లుగా ఉన్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లకు పెంచింది, పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్న సుమారు 400 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందూ తరువాతా విచారించి, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ లేదని 1994లో ప్రకటించారు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ వేతన చెల్లింపుల రికార్డులతో ఆ ఫలితాన్ని సవాలు చేయగా, 2000లో రెండు వాదాలూ ఒకే పత్రికలో ఎదురెదురుగా అచ్చయ్యాయి. శ్రామిక ఆర్థికశాస్త్రానికి చేసిన కృషికి కార్డ్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇంత చరిత్ర ఉన్న విషయంలో ఏ షరతూ లేకుండా "తగ్గుతాయి" అని రాసినవారు పాఠకులకు సగమే చెప్పినట్టు. అలాగే, గంటకు 80 సెంట్ల పెంపును పరిశీలించిన అధ్యయనాన్ని చూపించి, ఎంత పెంచినా నష్టం లేదని రాసినవారు కూడా తమ దగ్గర లేని ఆధారంతో మాట్లాడుతున్నారు. మీకు నచ్చిన వైపున ఉన్న వ్యాసానికి ఈ పరీక్ష మరింత కఠినంగా పెట్టండి, ఎందుకంటే అక్కడే పెన్సిలు ఊరకే ముందుకు జారిపోతుంది.

వాదం మొత్తాన్ని ఒకే అంకె మోస్తున్నప్పుడు అక్కడ ఆగాలి. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ప్రచురించిన పత్రంలో, ప్రభుత్వ రుణం స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటిన సంపన్న దేశాల సగటు వృద్ధి యుద్ధానంతర కాలంలో మైనస్ 0.1 శాతమని ఉంది. ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనే పొదుపు విధానాలను సమర్థించేవారు ఆ 90ని ఒక లక్ష్మణరేఖలా వాడుకున్నారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి రచయితల నుంచే అసలు స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు కట్టే సూత్రంలో ఐదు దేశాల వరుసలు చేరనే లేదు. ఆ పొరపాటుతో పాటు, కొన్ని సంవత్సరాల లెక్కలు వదిలేయడాన్నీ, దేశాలకు బరువులు ఇచ్చిన తీరునూ సరిచేస్తే సగటు 2.2 శాతమని అతడూ అతని అధ్యాపకులూ తేల్చారు. స్ప్రెడ్‌షీట్ తప్పును రచయితలు ఒప్పుకున్నారు. రుణం పెరిగినచోట వృద్ధి తక్కువగా ఉంటుందన్న ప్రధాన వాదాన్ని మాత్రం వదులుకోలేదు. అభిప్రాయ వ్యాసం చదివే పాఠకుడు ప్రతిసారీ స్ప్రెడ్‌షీట్ తెరవలేడు, నిజమే. అయితే ఆ అంకెను తీసివేస్తే వాదంలో ఏమి మిగులుతుందని అడగడానికి ఏ శిక్షణా అక్కరలేదు, ఆ ప్రశ్నను నేను ఎన్నడూ వదలను.

తీరిక గురించి ఆర్థికవేత్తలు రాసినదాన్ని తేలికగా తీసుకోకూడదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే శాస్త్రమూ ఇష్టమూ విడిపోయే చోటు అక్కడ అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్రాన్స్ 1998, 2000 సంవత్సరాల్లో చేసిన చట్టాలతో చట్టబద్ధమైన పనివారాన్ని 39 గంటల నుంచి 35 గంటలకు తగ్గించింది. దీనికి అనుకూలంగా రెండు వాదాలు వినిపించాయి. పనిని పంచితే ఎక్కువమందికి ఉద్యోగం దొరుకుతుందన్నది ఒకటి, మనుషులకు జీవించడానికి ఎక్కువ సమయం ఉండాలన్నది రెండోది. మొదటిది తిన్నని గీత కింద వచ్చే మాట. దానికి ఆధారమైన, సమాజంలో చేయవలసిన పని ఒక స్థిరమైన మొత్తంగా ఉంటుందన్న ఊహను ఆర్థికవేత్తల్లో అత్యధికులు అంగీకరించరు, ఆ విషయంలో వారు చెప్పేది శ్రద్ధగా వినాలి. రెండోది పూర్తిగా వంకర గీత. అక్కడ ఆర్థికవేత్త మాటకు మీ మాటకన్నా వీసమెత్తు ఎక్కువ విలువ లేదు. మొదటి వాదాన్ని ఓడించి రెండోది కూడా ఓడిపోయిందన్నట్టు ముగిసే వ్యాసం ఎదురైతే, చివరి పేరా పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టండి.

తీరిక విషయంలో ఈ శాస్త్రం ఇవ్వగలిగిన సాయం లేకపోలేదు. ఒక గంటకు అసలు ఖరీదు ఆ గంటలో చేయకుండా వదులుకున్న పనే అన్న అవకాశ వ్యయపు సూత్రాన్ని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1965లో ఇంటి పనికీ విశ్రాంతికీ కూడా పద్ధతిగా వర్తింపజేశారు. సగం చదివిన పుస్తకం నచ్చకపోతే, పెట్టిన డబ్బూ సమయమూ ఎలాగూ తిరిగి రావు కాబట్టి, మిగిలిన సగం చదవడం విలువైనదా అని మాత్రమే ఆలోచించమని చెప్పే ఆర్థికవేత్త సలహా అక్షరాలా పనికివస్తుంది. ఏ పుస్తకం గొప్పదో చెప్పినప్పుడు మాత్రం ఆయన మనలో ఒకరు. ఇంత తేడా తెలిసినవారు కూడా తడబడతారు. వందేళ్లలో అభివృద్ధి చెందిన దేశాల జీవన ప్రమాణం నాలుగు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందనీ, వారానికి 15 గంటల పని సరిపోతుందనీ బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1930లో రాశారు. ఆదాయం పెరుగుదలను ఆయన చాలావరకు సరిగానే ఊహించారు. ఆ ఆదాయంతో మనుషులు ఏమి కోరుకుంటారన్నది ఊహించలేకపోయారు. తనలాంటి మనిషి కోరికలనే అందరికీ ఆపాదించడం వల్లనే ఆ లెక్క తప్పిందని నాకు అనిపిస్తుంది.

రచయితకు ఆ విషయంలో సొంత ప్రయోజనం ఉందేమో ఒక నిమిషం చూడండి. తమ పత్రికల్లో రాసేవారు, గడచిన మూడేళ్లలో విషయంతో సంబంధమున్న ఒక సంస్థ నుంచి 10,000 డాలర్లు, అంతకు మించి పొంది ఉంటే వెల్లడించాలని అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2012లో నియమం పెట్టింది. అభిప్రాయ వ్యాసాలకు ఆ నియమం తప్పనిసరి కాదు కాబట్టి ఆ పని పాఠకుడే చేసుకోవాలి. ప్రయోజనం ఉన్నంత మాత్రాన వాదం తప్పయిపోదు, తిన్నని గీతలను మరింత జాగ్రత్తగా చూడాలంతే.

వర్తమాన వ్యవహారాల వ్యాసాలకు వేరే జాగ్రత్త కావాలి. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని మాత్రమే. ఈ ఒక్క తేడాను మసకబరిచే వ్యాసాలు ఎన్నో కనిపిస్తాయి. స్థూల దేశీయోత్పత్తి తొలి అంచనాలు తరువాత సవరణకు గురవుతాయి కాబట్టి, ఒక్క త్రైమాసికపు అంకె మీద కట్టిన తీర్పును పెన్సిలుతోనే రాసుకోవాలి. ముఖ్యంగా, జరగబోయేదాని గురించి రచయిత చెప్పిన ప్రతి మాట పక్కనా ఎప్పటిలోగా, ఎంత మేరకు అని చెప్పారో లేదో చూడండి. "త్వరలో", "తీవ్రంగా" అన్న మాటలతో సరిపెట్టిన అంచనాను తప్పని నిరూపించడం ఎవరివల్లా కాదు, కనుక అది అంచనాగా లెక్కకు రాదు. గడువూ అంకే ఉన్నవాటిని తేదీతో సహా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఏడాది గడిచాక ఆ పేజీ తెరిచి, ఏది నిజమైందో ఏది కాలేదో టిక్కులు పెట్టండి. తరువాత ఆ రచయిత ఇటీవలి వ్యాసాలు తిరగేసి, తప్పిన అంచనాను తానే గుర్తుచేసి ఎందుకు తప్పిందో వివరించారేమో వెతకండి. అలా రాసినవారి పేరు కింద నేను రెండు గీతలు గీస్తాను, వారి తరువాతి వ్యాసాన్ని అందరికంటే ముందు చదువుతాను.